నూరు కోట్ల అట్టముక్క

1960లో న్యూజెర్సీ తీరం దాటి ఒక చెత్త పడవ అట్లాంటిక్ సముద్రంలోకి వెళ్ళింది. దాని మీద ఉన్నవన్నీ మూడు లారీలకు సరిపడా అట్టపెట్టెలు. వాటి నిండా బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు. బ్రూక్లిన్‌లో చూయింగ్ గమ్ చేసే టాప్స్ కంపెనీ గోడౌన్‌లో ఎనిమిదేళ్ళుగా మూలుగుతున్న సరుకది. తిరునాళ్ళలో సెంటుకొకటి అమ్మి చూశారు, కొనలేదు. సెంటుకి పది ఇస్తామన్నారు, అయినా ఎవరూ ముట్టలేదు. గోడౌన్ ఖాళీ అయితే చాలనుకుని సై బెర్గర్ అనే ఉద్యోగి దగ్గరుండి వాటిని నడిసముద్రంలో కుమ్మరించి వచ్చాడు. తర్వాతి కాలంలో ఈ కథ ఆయనే చెప్పుకునేవాడు.

సముద్రం పాలైన ఆ సరుకులో 1952 నాటి కార్డులున్నాయి. ఆ ఏటి మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టు 28న వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో సుమారు నూరు కోట్ల రూపాయలు. అరచేతిలో ఇమిడే అట్టముక్క, పొడవు నాలుగంగుళాలు కూడా లేదు.

బెర్గర్‌ని తిట్టుకోవడానికి లేదు. ఆ కార్డుల్ని తయారు చేసిందీ ఆయనే. 1951 చివర్లో వుడీ గెల్మన్ అనే సహోద్యోగితో కలిసి, బ్రూక్లిన్‌లో తన ఇంటి వంటగది బల్ల మీద కత్తెర, అట్ట, జిగురు పెట్టుకుని నమూనా చేశాడు. ముందువైపు రంగుల బొమ్మ, సంతకం, జట్టు గుర్తు. వెనకవైపు ఆటగాడి పుట్టుపూర్వోత్తరాలు, అంకెలు. నేటికీ ఈ కార్డులు దాదాపు ఆ పోలికలోనే వస్తున్నాయి. చేసిన చేతులే పారబోసిన కథలు ఈ లోకంలో అడుగడుక్కీ తగులుతాయి.

అరుదు కాదు, మొదటిదీ కాదు

ఇక్కడో తమాషా ఉంది. సేకర్తలకు సాధారణంగా ఆటగాడి మొట్టమొదటి కార్డంటే మోజు. మాంటిల్ మొదటి కార్డు ఇది కాదు. 1951లోనే బౌమన్ అనే పోటీ కంపెనీ అతని కార్డు వేసింది. పోనీ అరుదైనదా అంటే అదీ కాదు. అచ్చు వేసిన పెద్ద కాగితం మీద మాంటిల్ బొమ్మ రెండుచోట్ల పడింది. అంటే అదే వరసలోని చాలామంది ఆటగాళ్ళకంటే అతని కార్డులు రెట్టింపు. ఇప్పటికీ వెయ్యికి పైగా మిగిలి ఉన్నాయి.

మరి అంత ధర ఎందుకు? టాప్స్ ఆ ఏడు కార్డుల్ని విడతలుగా వదిలింది. మాంటిల్ ఉన్న చివరి విడత, 311వ నంబరు నుంచి మొదలయ్యేది, బజారుకు వచ్చేసరికి బేస్‌బాల్ సీజన్ ముగింపుకొచ్చింది. పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి మళ్ళింది. దుకాణదారులు కొత్త సరుకు తీసుకోలేదు. గోడౌన్‌లో మిగిలింది, పడవెక్కింది. ఇంతలో ఆక్లహామా గని కార్మికుడి కొడుకైన మాంటిల్, జో డిమాజియో విరమించాక న్యూయార్క్ యాంకీస్‌లో అతని స్థానంలో నిలబడి ఒక తరం మొత్తానికి దేవుడైపోయాడు. ఆ తరం పిల్లలు పెరిగి పెద్దవాళ్ళై, చేతిలో డబ్బు ఆడే నాటికి వెతుక్కున్నది తమ పదేళ్ళ వయసునే. దానికి 311 అని నంబరు వేసి ఉంది.

నూరు కోట్లు పలికిన కార్డు మాత్రం పిల్లల చేతుల్లో నలిగింది కాదు. 1986లో మసాచుసెట్స్‌లో ఒక ఇంట్లో పొట్లం విప్పని కొత్తదనంతో 1952 టాప్స్ కార్డులు వేల సంఖ్యలో బయటపడ్డాయి. వాటిలో మాంటిల్‌వే పదుల సంఖ్యలో. ఎలన్ రోజెన్ అనే వ్యాపారి వాటిని కొన్నాడు. తనను తాను ‘మిస్టర్ మింట్’ అని పిలుచుకునే ఈయన, బేరానికి వెళ్తే పెట్టె నిండా నోట్లతో వెళ్ళేవాడని పేరు. ఆ గుట్టలోని మేలురకం మాంటిల్‌ని 1991లో 50 వేల డాలర్లకు అమ్మాడు. కొన్నాయన ముప్ఫై ఏళ్ళకు పైగా దాచి, హెరిటేజ్ సంస్థ వేలంలో పెట్టాడు. పెట్టినదానికి 252 రెట్లు. ఈ హెరిటేజ్ ఉన్నది డాలస్‌లో. మనవాళ్ళు వేల సంఖ్యలో ఇళ్ళు కట్టుకున్న ఊరే అది. సంక్రాంతి ముగ్గుల పోటీలు జరిగే ఊళ్ళోనే ఈ వేలం పాటలూ జరుగుతుంటాయి.

అతి శుభ్రమైన మాంటిల్ ఇదేనా అంటే కాదు. కార్డుల నాణ్యతకు మార్కులు వేసే పీఎస్ఏ అనే సంస్థ పదికి పది ఇచ్చిన 1952 మాంటిల్ కార్డులు మూడున్నాయి. 2018లో వాటిలో ఒకదాన్ని డెన్వర్‌లోని మ్యూజియంలో కొన్ని రోజులు ప్రదర్శనకు పెడితే, తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ళను నిలబెట్టాల్సి వచ్చింది.

మాంటిల్ కిరీటం మూడేళ్ళే నిలిచింది. 2025 ఆగస్టులో మైకేల్ జోర్డన్, కోబీ బ్రయంట్‌ల సంతకాలూ జెర్సీ ముక్కలూ ఉన్న బాస్కెట్‌బాల్ కార్డు 1 కోటి 29 లక్షల డాలర్లు దాటి, ఆటల కార్డులన్నింటిలో పైకెక్కింది. బేస్‌బాల్ వరకు మాంటిల్‌ని దాటినది అప్పటికి లేదు.

సిగరెట్ పెట్టెలో ఇమడని మనిషి

మాంటిల్ కార్డుకి ధర ఉంటే, హోనస్ వాగ్నర్ కార్డుకి పురాణం ఉంది. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మలు పెట్టింది. పల్చటి పెట్టె నలగకుండా ఉండటానికి అట్ట, కొన్నవాడు మళ్ళీ కొనడానికి బొమ్మ. ఆ వరసలో అయిదు వందలకు పైగా కార్డులున్నాయి. సేకర్తలు దాన్ని టీ206 అంటారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు షార్ట్‌స్టాప్ వాగ్నర్ అప్పటికే ఆటలో మేరు పర్వతం. 1936లో హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టినప్పుడు మొట్టమొదట ఎంపికైన అయిదుగురిలో ఒకడు.

వాగ్నర్ తన బొమ్మ వద్దన్నాడు. అనుమతి సంపాదించిపెడితే పది డాలర్లిస్తామని కంపెనీ జాన్ గ్రూబర్ అనే పిట్స్‌బర్గ్ విలేకరికి ఆశపెట్టింది. సిగరెట్ పెట్టెలో తన బొమ్మ ఉండటం ఇష్టంలేదనీ, అయితే నీ పది డాలర్లు పోవడం కూడా ఇష్టంలేదనీ వాగ్నర్ ఉత్తరం రాసి, దానితోపాటు పది డాలర్ల చెక్కు పంపాడట. 1912లో ఒక క్రీడాపత్రిక ఈ సంగతి రాసింది. గ్రూబర్ ఆ చెక్కుని మార్చుకోకుండా దాచుకున్నాడంటారు. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనకూడదని వాగ్నర్ అలా చేశాడని ఒక కథ. అంతకుముందు చుట్టల పెట్టె మీద అతని బొమ్మ వచ్చిందనీ, అతను పొగాకు నమిలేవాడనీ, అసలు గొడవ డబ్బు గురించేననీ ఇంకో కథ. నాకు మొదటిదే నమ్మాలని ఉంటుంది. పది డాలర్లు ఎదురిచ్చినవాడు డబ్బుకి బేరమాడాడంటే మనసొప్పదు.

ఏదైతేనేం, అచ్చు ఆగింది. అప్పటికే బయటికి వెళ్ళిపోయినవాటిలో అరవై దాకా మాత్రమే నేడు లెక్కకు తేలుతున్నాయి. ఇక్కడ మాంటిల్‌కి పూర్తిగా అడ్డం తిరిగిన లెక్క నడుస్తుంది. వాగ్నర్ ఎంత చినిగినా, ముడతలు పడినా, మూల ఊడినా లక్షల డాలర్లే. 2021 ఆగస్టులో పదికి మూడు మార్కులొచ్చిన వాగ్నర్ 66 లక్షల డాలర్లకు పోయింది. మరుసటేడు రెండు మార్కులే వచ్చిన ఇంకోటి 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది. పరీక్షలో ఇన్ని మార్కులొస్తే ఇంట్లో అన్నం పెట్టరు.

2010లో ఇలాంటి నలిగిన వాగ్నర్ ఒకటి బాల్టిమోర్‌లోని స్కూల్ సిస్టర్స్ ఆఫ్ నోట్రడామ్ అనే క్రైస్తవ సన్యాసినుల సంఘానికి చేరింది. తమ సంఘంలోని ఒక దివంగత సన్యాసిని సోదరుడు చనిపోతూ రాసిచ్చిన ఆస్తిలో భాగమది. కార్డుతోపాటు ఒక చీటీ కూడా ఉంది, ఇరవై ఒకటో శతాబ్దంలో దీని విలువ బాగా పెరుగుతుందని. వేలంలో 2 లక్షల 62 వేల డాలర్ల పాట వచ్చింది. కార్డు ముందువైపు అంచులు కత్తిరించేసి ఉన్నా అంత పలికింది.

కత్తిరింపు కథ

అంచుల మాటొచ్చింది కాబట్టి, ఈ లోకంలో అన్నిటికంటే ప్రసిద్ధమైన మోసం కూడా వాగ్నర్ కార్డు మీద జరిగిందేనని చెప్పుకోవాలి. 1985లో బిల్ మాస్ట్రో అనే యువ వ్యాపారి 25 వేల డాలర్లకు ఒక వాగ్నర్ కొన్నాడు. రెండేళ్ళకు లక్షా పది వేలకు అమ్మాడు. 1991లో సదబీస్ వేలంలో ఐస్ హాకీ మహారథి వేన్ గ్రెట్స్కీ, ఆయన జట్టు యజమాని బ్రూస్ మెక్నాల్ కలిసి దాన్ని 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. దానితో అందరి కళ్ళూ కార్డుల మీద పడ్డాయి.

అదే ఏడు పీఎస్ఏ కొత్తగా పుట్టింది. కార్డుని భూతద్దం కింద పెట్టి, బొమ్మ మధ్యలో పడిందా, నాలుగు మూలలు సూదిగా ఉన్నాయా, అంచులు తెల్లబడ్డాయా, పైన గీతలున్నాయా అని చూసి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసే సంస్థ. దాని మొదటి నంబరు ధ్రువపత్రం ఈ వాగ్నర్‌కే దక్కింది. మార్కు 8. ఎనభై ఏళ్ళ కిందటి సిగరెట్ కార్డుకి అంత చక్కటి అంచులా అని అప్పుడే కొందరు గొణిగారు.

కార్డు మాత్రం ఆగకుండా ఎదిగింది. 1995లో ఒక కంపెనీ దాన్ని 5 లక్షలకు కొని, వాల్‌మార్ట్ దుకాణాల్లో కార్డుల అమ్మకాల కోసం లాటరీలో బహుమతిగా పెట్టింది. ఫ్లోరిడాలో ఒక పోస్టల్ ఉద్యోగినికి తగిలింది. ఆమె 1996లోనే క్రిస్టీస్ వేలంలో 6 లక్షల 41 వేల 500 డాలర్లకు అమ్మేసింది. 2000లో ఈబేలో 12 లక్షల 65 వేలు. 2007లో ఒకే ఏట రెండుసార్లు చేతులు మారి, చివరికి 28 లక్షలకు అరిజోనా డైమండ్‌బ్యాక్స్ జట్టు యజమాని కెన్ కెండ్రిక్‌ని చేరింది.

2013లో మాస్ట్రో వేరే వేలం మోసాల కేసులో కోర్టు ముందు నేరం ఒప్పుకుంటూ దీని గుట్టూ విప్పాడు. కార్డు అంచుల్ని తానే కోశానన్నాడు. తర్వాత 20 నెలల జైలుశిక్ష పడింది. కోసిన కార్డని తేలితే దాని విలువ పడిపోవాలి కదా! ‘గ్రెట్స్కీ వాగ్నర్’ అనే పేరు అప్పటికే దానికంటే పెద్దదైపోయింది.

బేబ్ రూత్ రెండు ముఖాలు

బేబ్ రూత్ పేరు బేస్‌బాల్ తెలియనివాళ్ళకు కూడా ఎక్కడో తగిలి ఉంటుంది. 1914లో ఆయనకు పందొమ్మిదేళ్ళు. సొంత ఊరు బాల్టిమోర్‌లో చిన్న జట్టుకి బంతి వేస్తున్నాడు. ‘బాల్టిమోర్ న్యూస్’ పత్రిక స్థానిక ఆటగాళ్ళ బొమ్మలతో కార్డులు వేసింది. వెనకవైపు ఆ ఏడాది ఆటల తేదీలు. జేబులో పెట్టుకుని మ్యాచ్ ఎప్పుడో చూసుకోవడానికి తప్ప మరెందుకూ కాదు. అదే వేసవిలో రూత్ బోస్టన్ రెడ్ సాక్స్‌కి వెళ్ళిపోయాడు. ఆ కార్డులు నేడు పదో పన్నెండో మిగిలాయి. వాటిలో ఒకదాన్ని అప్పట్లో పేపర్లు వేసే కుర్రాడు దాచుకున్నాడు. అతని కుటుంబం తరాలుగా కాపాడింది. చాలా ఏళ్ళు బాల్టిమోర్‌లో రూత్ పుట్టిన ఇంట్లోని మ్యూజియంలో ఉండింది. 2023 డిసెంబరులో 72 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో సుమారు 60 కోట్లు.

రెండో ముఖం 1933 నాటిది. అప్పటికి రూత్ చక్రవర్తి. గౌడీ అనే గమ్ కంపెనీ ఆ ఏడు 240 నంబర్లతో వేసిన కార్డుల్లో అతనివే నాలుగు. పసుప్పచ్చ నేపథ్యంతో ఉన్న 53వ నంబరు కార్డు, పదికి తొమ్మిది మార్కులతో, 2021లో 42 లక్షల డాలర్లు పలికింది.

నాకు నచ్చింది మాత్రం అదే గౌడీ వరసలోని వేరే కార్డు. 240 అని చెప్పి 106వ నంబరు వేయలేదు వాళ్ళు. పిల్లలు ఆ ఒక్క కార్డు కోసం గమ్ కొంటూనే ఉన్నారు, పళ్ళు పుచ్చేదాకా. మోసమని పసిగట్టి కంపెనీకి ఉత్తరాలు రాశారు. దాంతో మరుసటేడు నాప్ లాజ్వే అనే, ఎప్పుడో ఆట మానేసిన పెద్దాయన బొమ్మతో 106 అచ్చువేసి, గొడవచేసిన వాళ్ళకు మాత్రం పోస్టులో పంపారు. ఉత్తరానికి కార్డుని పేపర్ క్లిప్పుతో తగిలించారు. అందుకే ఇప్పుడు దొరికే లాజ్వే కార్డుల్లో చాలావాటి మీద క్లిప్పు నొక్కిన గుర్తు కనిపిస్తుంది. చిన్నపిల్లలు కంపెనీ మెడలు వంచిన గుర్తది.

అటకలు, కాగితం సంచీలు

2012లో ఒహాయోలోని డిఫయన్స్ అనే ఊళ్ళో తాతగారి ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది. తాతగారు మాంసం దుకాణం నడిపేవారు. 1910 ప్రాంతపు మిఠాయి కార్డులు ఏడు వందల దాకా, నిన్ననే అచ్చువేసినట్టు. వాగ్నర్ కూడా ఉన్నాడు, ఇది పొగాకు కార్డు కాదు కానీ పదికి పది. తోబుట్టువుల పిల్లలందరూ సమానంగా పంచుకున్నారు. ముప్ఫై ఏడు కార్డుల మొదటి వేలంలోనే 5 లక్షల 66 వేల డాలర్లు వచ్చాయి. తాత ఆస్తి పంపకంలో కోర్టుకెళ్ళని కుటుంబం కూడా ఒక వింతే.

2016లో అమెరికా దక్షిణాదిలోని ఒక పల్లెలో ఇంకో ఇల్లు సర్దారు. నలిగిన కాగితం సంచి ఒకటి చెత్తలోకి వెళ్ళబోయి ఆగింది. లోపల టై కాబ్ అనే ఆటగాడి కార్డులు ఏడు. వెనకవైపు కూడా కాబ్ పేరుతోనే పొగాకు ప్రకటన ఉండే అతి అరుదైన రకం. అంతవరకు లోకం మొత్తం మీద పదిహేను దాకా తెలిసిన కార్డులు, ఒక్క సంచిలో ఏడు. విలువ పది లక్షల డాలర్లకు పైనే.

ఇలాంటివి చదివినప్పుడల్లా నాకు మా ఇంటి అటక గుర్తొస్తుంది. అగ్గిపెట్టె పటాలు అంటించిన నోటుపుస్తకం, బిగ్ ఫన్ గమ్‌లో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు. ఓ దసరా సెలవులకి మా అమ్మ పాత పేపర్లతో పాటు కాటాకు వేసేసింది. కిలో లెక్కన వచ్చిన ఆ రూపాయలతో మాకే జంతికలు చేసిపెట్టింది. అమెరికా అమ్మలూ అంతే. 1950లలో కార్డులు పోగేసిన తరం పెద్దయ్యాక ఏకకంఠంతో చెప్పిన మాట, కాలేజీకి వెళ్ళి వచ్చేసరికి అమ్మ పారేసిందని. ఆ అమ్మలందరూ పొదుపుగా దాచి ఉంటే మిగిలినవాటికి ఈ ధరలే లేవు.

నమ్మకం లేకపోతే 1980ల చివరి కార్డుల సంగతి చూడండి. పాత కార్డుల ధరలు పేపర్లలో రాగానే జనం పెట్టెలకు పెట్టెలు కొని, విప్పకుండా దాచారు. పిల్లల కాలేజీ ఫీజులు వస్తాయనుకున్నారు. కంపెనీలూ అడ్డూ ఆపూ లేకుండా అచ్చువేశాయి. ఎవరూ పారేయలేదు. ఎవరికీ రూపాయి రాలేదు. ఆ కాలానికి అక్కడి సేకర్తలు పెట్టుకున్న పేరే ‘చెత్త యుగం’.

తప్పులో కాలేసినవి

ధరల మాట పక్కనపెట్టి కాస్త నవ్వుకోవడానికి. 1957 టాప్స్ హాంక్ ఆరన్ కార్డులో నెగటివ్ తిరగబడటంతో కుడిచేతి వీరుడు ఎడమచేత్తో బ్యాటు పట్టాడు. 1969లో ఆరేలియో రోడ్రిగెజ్ పేరు మీద వచ్చిన బొమ్మ అతనిది కానే కాదు. జట్టుకి బ్యాట్లు అందించే కుర్రాడిది. 1989లో ఫ్లీర్ కంపెనీ కార్డులో బిల్ రిప్కెన్ చక్కగా నవ్వుతూ బ్యాటు భుజానికెత్తుకున్నాడు. పిడి అడుగున మార్కర్‌తో రాసిన పచ్చి బూతు స్పష్టంగా చదవొచ్చు. కంపెనీ కంగారుపడి ఒకసారి తెల్లరంగు పూసి, ఒకసారి గీకి, ఒకసారి నల్లడబ్బా వేసి మళ్ళీ మళ్ళీ అచ్చువేసింది. దాంతో సేకర్తలకు ఒక బూతుకి బదులు అరడజను రకాలు దొరికాయి.

కావాలని ఒక్కటే

పారబోతలు లేని కాలంలో అరుదుదనం ఎక్కడ నుంచి వస్తుంది? ఫ్యాక్టరీలోనే తయారు చేస్తారు. మైక్ ట్రౌట్ అనే ఆటగాడి సంతకంతో 2009లో బౌమన్ ఒకే ఒక్క కార్డు వేసి ‘ఒకటిలో ఒకటి’ అని నంబరేసింది. 2020 ఆగస్టులో, లాక్‌డౌన్‌లో జనం ఇళ్ళల్లో కూర్చుని పాత పెట్టెలు విప్పుతున్న రోజుల్లో, అది 39 లక్షల 36 వేల డాలర్లు పలికి వాగ్నర్ రికార్డునే కొట్టింది. అయిదు నెలలైనా గడవకముందే ఒక మాంటిల్ 52 లక్షలతో దాన్ని దించింది.

ఇటీవల ఇంకో ఎత్తు వేశారు. 2023 నుంచి పెద్ద లీగులో మొదటిసారి దిగే ప్రతి ఆటగాడి చొక్కా చేతికి ఒక గుర్తుగుడ్డ కుడతారు. ఆట అయ్యాక అది విప్పి, సంతకం చేయించి, ఒక్క కార్డులో పెడతారు. పిట్స్‌బర్గ్ బౌలర్ పాల్ స్కీన్స్ గుర్తుగుడ్డ ఉన్న కార్డు 2024 క్రిస్మస్ నాడు లాస్ ఏంజెలస్ ప్రాంతంలో పదకొండేళ్ళ పిల్లవాడి పొట్లంలో పడింది. కార్డు మాకివ్వు, ముప్ఫై ఏళ్ళపాటు మైదానంలో మంచి చోట సీజన్ టికెట్లు ఇస్తామని పైరేట్స్ జట్టు అంతకుముందే చాటింపు వేసి ఉంది. ఆ కుటుంబం వద్దని వేలానికి పెట్టింది. 2025 మార్చిలో 11 లక్షల 10 వేల డాలర్లు వచ్చాయి. వాగ్నర్ ఆడిన జట్టూ ఇదే.

అమ్మకానికి లేని వాగ్నర్

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక వాగ్నర్ ఉంది. అది వేలానికి రాదు. జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన ఇచ్చింది. సిరక్యూజ్‌లో ఒక ఎలక్ట్రికల్ ఫ్యాక్టరీ కార్మికుడు, పెళ్ళి లేదు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయాయి. చిన్నప్పటి నుంచి పోగేసిన కార్డులన్నిటికీ ఒక పద్ధతి పెట్టి జాబితా అచ్చువేసింది ఆయనే. టీ206 అన్న పేరు ఆయన పెట్టిందే. వాగ్నర్‌కి తొలి ధర కట్టిందీ ఆయనే, 50 డాలర్లు. అప్పటికి అదే అన్నిటికంటే ఖరీదైన కార్డు.

తన దగ్గరున్న 3 లక్షలకు పైగా ముక్కల్ని ఆయన మ్యూజియానికి ఊరికే ఇచ్చేశాడు. ఇవ్వడమే కాక, వాటిని వరుసగా ఆల్బమ్‌లలో అంటించే పని కూడా తానే నెత్తినేసుకున్నాడు. ఆ పని కోసమే చివరికి న్యూయార్క్‌కి మకాం మార్చాడు. మ్యూజియంలో ఒక బల్ల దగ్గర కూర్చుని, వంగని వేళ్ళతో, ఒక్కొక్క కార్డు వెనకా జిగురు రాసి అతికిస్తూ ఏళ్ళు గడిపాడు. కార్డు వెనక జిగురు తగిలితే ఇవాళ గ్రేడు వేసేవాళ్ళు ఒకటి, మహా అయితే రెండు వేస్తారు. ఆ మాట బర్డిక్‌కి చెప్పేవాళ్ళు అప్పట్లో లేరు.

1963 జనవరి 10 సాయంత్రం ఆఖరి ముక్క అంటించాడు. కష్టపడి కోటు తొడుక్కుని, అక్కడివాళ్ళకు ఇక రానని చెప్పి వెళ్ళాడు. మర్నాడు ఆసుపత్రిలో చేరాడు. రెండు నెలలకు పోయాడు.